మగబిడ్డ యెవరి వరము?

ప్రసవవార్త విన్నవెంటనే మన యిండ్లలో మొట్టమొదట పుట్టు ప్రశ్న తల్లి యెట్లున్నదని కాదు; బిడ్డ యెవరని. మగబిడ్డ యనునప్పుడు చెప్పువారి కంఠమునందే పండుగ వినబడును. ఆడుబిడ్డ యని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము, 'మహాలక్ష్మి పుట్టినది లెండి' యని యొక యోదార్పుమాట చేర్చుట యలవాటైనది. లక్ష్మి యింటికి వచ్చినప్పు డోదార్పెందులకని యడుగువారు లేరు.

ఈ యాచారమును గూర్చి నీతి చెప్పినవారు పెక్కుమంది గలరు. మేమిప్పుడు నీతి చెప్పబూనలేదు. బిడ్డ మగవాడగుటకు గర్భమునందు నిజముగా జరుగునదేమి, ఆ పనిని చేయునదేది, ఎంతసేపు చేయును, అందు తల్లి పాలెంత, తండ్రి పాలెంత యను సంగతులను విజ్ఞానశాస్త్రము కనుగొన్నంతవఱకు పాఠకుల యెదుట నుంచుటయే మా యుద్దేశము. సంగతి తెలిసినచో నీతి దానంతట నదియే వచ్చునని మా నమ్మకము.

శుక్రాధిక్యమున పురుషుడును, ఆర్తవాధిక్యమున స్త్రీయు కలుగుదురని మన ప్రాచీన వైద్యులు తలంచిరి. తండ్రి బీజమునందలి యుష్ణము నెగ్గినచో మగబిడ్డ కలుగునని గ్రీకు తత్త్వవేత్త యగు అరిస్టాటిల్ బోధించెను. గర్భిణికి రెండవ మూడవ నెలలయందు జరుపదగినదిగా పుంసవనమను సంస్కారమును మన పెద్దలు విధించిరి. దాని కోరిక దాని పేరులోనే యున్నది. ఇవి యన్నియు తెలియనిదానిని తెలిసికొనుటకు చేసిన యత్నములే గనుక వానిని పరిహసించుట తగదు. కాని తెలిసిన పిదపను వానినే పట్టుకొని యుండుట తగునా యని మాత్రము అడుగవలసి యున్నది.

తెలియుట 1905వ సంవత్సరమున ప్రారంభమైనది. అమెరికాలో బ్రిన్ మార్ కళాశాలయందు పనిచేయుచున్న నెట్టీ స్టీవెన్స్ అను విదుషి పిండిపురుగుల కణములను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఆడుపురుగుల కణములలో 20 పెద్ద వర్ణసూత్రములును, మగపురుగుల కణములలో 19 పెద్దవియు నొక చిన్నదియు నుండుట యామె కనుగొనెను. ఆ చిన్నదానినే తరువాతివారు వై వర్ణసూత్రమనిరి. ఆ యేడే ఎడ్మండ్ విల్సన్ అను పండితుడును వేఱుగా నిట్టి నిర్ణయమునకే వచ్చెను. మగతనపు గుర్తును చూచిన తొలి కన్నులలో నొక స్త్రీ కన్ను లుండుట మాకు సంతోషకరముగా నున్నది.

మనుష్యుని కణములలో సాధారణముగా 46 వర్ణసూత్రములు, 23 జతలుగా నుండును. ఇరువదిరెండు జతలు స్త్రీపురుషుల కొకటియే. ఇరువదిమూడవ జతయందే భేదము: స్త్రీకి రెండు ఎక్స్ సూత్రములు, పురుషునకు నొక ఎక్స్, నొక వై. కావున తల్లి యండమునందు ఎక్స్ తప్ప వేఱొకటి యుండుట కవకాశమే లేదు. తండ్రి శుక్రకణములలో దాదాపు సగము ఎక్సును, తక్కిన సగము వైని మోసికొనివచ్చును. ఏ కణము ముందుగా నండమును చేరునో దానిని బట్టి బిడ్డ ఎక్స్-ఎక్స్ గనో ఎక్స్-వై గనో యగును. పుంసవనము నాటికే కాదు, తాను గర్భవతినని తల్లి యెఱుగక ముందే యీ పంపకము ముగిసిపోవును.

మా బంధువర్గమున నొక పెద్దామె యుండెడిది. మాకు మేనత్త వరుస. నలుగురు కూతుండ్రను కన్నది. అయిదవ కానుపునకు ముందు ఆమె నోచని నోము లేదు, త్రాగని కషాయము లేదు. అయిదవ బిడ్డయు ఆడుబిడ్డయే. అత్తవారు కొడుకు కొఱకై ఆమె పెనిమిటికి రెండవ పెండ్లి చేసిరి. ఆమె యా యింటనే వంటకట్టెల నడుమ మిగిలిన బ్రతుకు వెళ్లదీసినది. రెండవ యిల్లాలికిని ఇద్దఱు కుమార్తెలే కలిగిరి. అప్పుడును 'మా యింటికి వచ్చిన కోడండ్ర నోముఫల మింతే' యని యత్తగారు నిట్టూర్చిరి గాని, కోడలు మాఱినను మాఱనివా డొక్కడు గలడను లెక్క యెవరికిని తోచలేదు. మేమాయనను నిందించుటకై యీ మాట చెప్పుట లేదు. ఏ శుక్రకణము ముందు పోవలయునో నిర్ణయించు శక్తి యాయనకును లేదు. లేని తప్పు నొకరి నెత్తిమీదనుండి తీసి వేఱొకరి నెత్తిమీద పెట్టుట సంస్కారము కాదు. తప్పే లేదని తెలియుట సంస్కారము.

ఇక వై సూత్రమునందలి యే భాగము మగవానిని చేయుచున్నదను ప్రశ్న మిగిలినది. 1959వ సంవత్సరమున రెండు సంగతులు బయటపడినవి. ఒక్క ఎక్స్ మాత్రమే కలిగి వై లేనివారు స్త్రీలుగను, రెండు ఎక్సులతోపాటు వై గలవారు పురుషులుగను నుండిరి. కావున ఎక్సుల లెక్క కాక, వై యుండుటయో లేకుండుటయో ముఖ్యమని తేలినది. 1987లో డేవిడ్ పేజ్ అను నమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో వై మీది యొక జన్యువును చూపి, వెదకుచున్నది యిదియే కావచ్చుననెను. రెండేండ్లలో నది కాదని తేలినది. ఆ జన్యువు లేకుండనే మగవారైనవారు కొందఱు కనబడిరి. ఊహను ప్రకటించుట, పరీక్షించుట, నిలువనిదానిని విడిచివేయుట—విజ్ఞానశాస్త్రమునకు గల గౌరవ మంతయు నీ మూడవ పనియందే యున్నదని మేము తలంతుము.

1990వ సంవత్సరమున లండను నగరమున పీటర్ గుడ్‌ఫెలో, రాబిన్ లోవెల్-బాడ్జ్ అను వారి బృందములు అసలు జన్యువును కనుగొన్నవి. మనుష్యుని జన్యువును వివరించిన వ్యాసమునకు మొదటి రచయిత ఆండ్రూ సింక్లెయిర్. రెండు ఎక్సులు గలిగియు పురుషులైన కొందఱియందు వై సూత్రపు చిన్న తునక యొకటి యతుకుకొని యుండెను. ఆ తునకను తగ్గించుకొనుచు తగ్గించుకొనుచు 35,000 అక్షరముల మేరకు దిగి, అందులో నీ జన్యువును పట్టుకొనిరి. 'వై యందలి లింగనిర్ణయ ప్రదేశము' అను నర్థమిచ్చు ఆంగ్లపదములను బట్టి దానికి ఎస్.ఆర్.వై. యని పేరు పెట్టిరి. మఱుసటి యేడు, అనగా 1991లో, పీటర్ కూప్‌మన్ మొదలైనవారు ఎలుకయందలి యిదే జన్యువును రెండు ఎక్సులు గల యెలుక పిండమునందు ప్రవేశపెట్టిరి. ఆడుది కావలసిన యా యెలుక మగదియై పెరిగి, మగ యెలుకవలెనే ప్రవర్తించెను. దానికి సంతానము మాత్రము కలుగలేదు; ఏలయన బీజోత్పత్తికి వై మీది యితర జన్యువులు కావలయును. ఏమైనను, వృషణము నేర్పఱచుటకు ఆ యొక్క జన్యువు చాలునని దానితో నిశ్చయమైనది.

జన్యువనగా నొక వ్రాత. ఆ వ్రాత ననుసరించి కణము తయారుచేయు పదార్థము మాంసకృత్తు. వై సూత్రమునందు మొత్తము 6 కోట్ల 24 లక్షలకు పైగా అక్షరజత లున్నవని, దానిని తొలిసారి మొదటినుండి తుదివఱకు చదివిన 2023వ సంవత్సరమున తేలినది. అంతటి గ్రంథమునందు మన జన్యువు మాంసకృత్తునకై యుపయోగించునది 612 అక్షరములు మాత్రమే. మూడక్షరముల కొక అమైనో ఆమ్లము చొప్పున 204 ఆమ్లముల గొలుసొకటి దానివలన కలుగును. వంశము, గోత్రము, పిండప్రదానము, ఇంటిపేరు—ఇన్నింటి బరువును మనము మోపినది యీ చిన్న గొలుసుమీదనే.

ఆ గొలుసు చేయు పని చూడ ముచ్చటగా నుండును. దాని నడిమిభాగమున సుమారు 80 ఆమ్లముల మేరను హెచ్.ఎం.జి. పెట్టె యందురు. డి.ఎన్.ఏ. మెలిపెట్టిన నిచ్చెనవంటిదని పాఠకులు వినియే యుందురు. ఈ పెట్టె యా నిచ్చెన యొక్క సన్నని గాడిలో కూర్చుండి, తనలోని ఐసోల్యూసిన్ అను నొక యామ్లమును రెండు మెట్ల నడుమ చీలవలె దిగగొట్టి, నిచ్చెనను వంచివేయును. వంగినప్పుడు దూరదూరముగా నున్న భాగములు దగ్గఱకు చేరును. నిదురించుచున్న మఱియొక జన్యువు మేల్కొనును. ఎస్.ఆర్.వై. స్వయముగా నే యవయవమును నిర్మింపదు. అది మీటవంటిది. మీటను నొక్కిన తరువాత వెలుగు దీపము వేఱు.

ఆ దీపము పేరు సాక్స్-9. గర్భమైన యాఱవ వారమువఱకు పిండమునందలి బీజకోశము వృషణము కాగలదు, అండాశయము కాగలదు; అది రెండు త్రోవల కూడలియందు నిలిచియుండును. ఆ వారము తుదిని ఎస్.ఆర్.వై. మేల్కొని సాక్స్-9ని మేల్కొల్పును. అటుపిమ్మట పని యంతయు సాక్స్-9దే. ఎలుకలలో ఎస్.ఆర్.వై. బీజకోశమునందు వెలుగునది సుమారు రెండు దినములు. అందును, సరిగా పనిచేయవలసిన గడువు 6 గంటలని 2009లో ప్రకటించిన ప్రయోగములు తెలిపినవి. ఆ గడువు దాటి పలికినచో వృషణమునకు బదులు అండాశయమే యేర్పడును. 2018వ సంవత్సరమున లోవెల్-బాడ్జ్ బృందమువారు సాక్స్-9కి చాల దూరమున నున్న 557 అక్షరముల తునకను ఎలుకలలో తొలగించి చూచిరి. వై యుండియు, ఎస్.ఆర్.వై. యుండియు, ఆ యెలుకలు ఆడువే యైనవి. మీట చక్కగానే యున్నది, తీగ తెగినది.

ఇప్పుడు తల్లి పాలెంతయో చూతము. సాక్స్-9 జన్యువు వై మీద లేదు. పదునేడవ వర్ణసూత్రము మీద నున్నది. అది తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటిగా ప్రతిబిడ్డకును సంక్రమించును. వృషణ మేర్పడిన పిదప నది టెస్టోస్టెరోన్ అను రసమును స్రవించును. మగశరీరపు రూపము దానివలన కలుగును. కాని యే రసమైనను దాని యాజ్ఞను వినిపించుకొను చెవి కణములందుండిననే పనిచేయును. ఆ చెవివంటి మాంసకృత్తును చేయు జన్యువు ఎక్స్ సూత్రము మీద నున్నది. కొడుకునకు గల ఎక్స్ ఒక్కటియే. అది తల్లి యిచ్చినదే. ఆ జన్యువు పూర్తిగా పనిచేయనియెడల, వై యుండియు, వృషణము లుండియు, టెస్టోస్టెరోన్ సమృద్ధిగా నుండియు, బిడ్డ బాహ్యరూపమున బాలికగా పుట్టి బాలికగా పెరుగును. అనగా కొడుకు కొడుకుగా రూపొందుటకు తల్లియే యీయదగినది, తండ్రి యెన్నడు నీయజాలనిది యొకటి గలదన్నమాట. వంశమును తండ్రివైపు గీతగా మాత్రమే వ్రాసికొనువారు ఈ సంగతిని వంశవృక్షపు అంచుననైన వ్రాసికొనుట మంచిది.

ఎస్.ఆర్.వై. పుట్టుపూర్వోత్తరములును అట్టివే. ఎక్స్ మీద సాక్స్-3 యను జన్యువు గలదు. కోట్ల యేండ్ల క్రిందట దాని ప్రతియే మార్పుచెంది ఎస్.ఆర్.వై. యైనదని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఇంతకు నీ మీటయు శాశ్వతము కాదు. జపానునకు చెందిన అమామి ద్వీపమున నొకజాతి ముండ్ల యెలుకలు వై సూత్రమును, ఎస్.ఆర్.వై.ని పూర్తిగా పోగొట్టుకొనియు మగవానిని, ఆడువానిని కనుచునే యున్నవి. సాక్స్-9 సమీపమున జరిగిన వేఱొక మార్పు వానియం దా పని నిర్వహించుచున్నదని 2022లో తెలిసినది.

ఎస్.ఆర్.వై. లేకపోవుటయే ఆడుతన మని యింతవఱకు చదివినవారు భావింపవచ్చును. అది పొరపాటు. అండాశయము నేర్పఱచుటకును వేఱు జన్యువులు శ్రమపడుచుండును. పెరిగిన యాడుయెలుక అండాశయమునం దట్టి జన్యువులలో నొకటియగు ఫాక్స్-ఎల్-2ను తొలగించినప్పుడు అచటి కణములు వృషణకణములవలె మాఱిపోయినవని 2009లో ప్రకటితమైనది. స్త్రీత్వము శూన్యము కాదు. జీవితమంతయు కాపాడబడుచున్న నిర్మాణము.

ఈ జన్యువు మనుష్యు లందఱియందును మన పుస్తకములు చెప్పినట్లే నడువదు. తండ్రి బీజము తయారగునప్పుడు ఎక్స్, వైల కొనలు పరస్పరము తునకలు మార్చుకొనును. ఎస్.ఆర్.వై. యా హద్దునకు మిక్కిలి చేరువగా నుండుటచేత నొక్కొక్కప్పుడు పొరపాటున ఎక్స్ మీదికి దాటిపోవును. రెండు ఎక్సులు గల పురుషులు పుట్టుట కిది ముఖ్యకారణము. సుమారు 20,000 మంది పురుషులలో నొక్క రట్టివారు. వై యుండియు ఎస్.ఆర్.వై.యందు దోషముండుటచేత స్త్రీలుగా పెరిగినవారును గలరు. వీరిలో పెక్కుమంది యీడు వచ్చినను రజస్వల కాకపోవుటచేత వైద్యుని యొద్దకు వచ్చి, అప్పుడు మాత్రమే తమ సంగతి తెలిసికొందురు. అట్టివారిని చూచి గుసగుసలాడువారు తమ కణములను తా మెన్నడును పరీక్షింపించుకొని యెఱుగరు.

1992 మొదలుకొని ఒలింపిక్ క్రీడలయందు స్త్రీలను పరీక్షించుట కీ జన్యువునే గుర్తుగా తీసికొనిరి. 1996లో అట్లాంటా నగరమున 8 మంది క్రీడాకారిణులయం దది కనబడినది. విచారింపగా వారిలో పెక్కుమందికి టెస్టోస్టెరోన్ ఆజ్ఞను వినిపించుకొను శక్తియే కొఱతగా నున్నదని తేలినది, ఎనమండుగురిని నాడనిచ్చిరి. 1999లో ఆ పరీక్ష నిలిపివేయబడినది. 2025లో ప్రపంచ అథ్లెటిక్ సంస్థ దానిని మఱల విధించినప్పుడు, జన్యువును కనుగొన్నవారిలో నొకడైన సింక్లెయిరే యిది తప్పుత్రోవ యని బహిరంగముగా వ్రాసెను. జన్యువున్నదని పరీక్ష చెప్పును గాని, అది పనిచేసినదో లేదో, దాని మాటను శరీరము విన్నదో లేదో చెప్పజాలదని యాయన వాదము. మీటను చూచి దీపము వెలుగుచున్నదని తీర్పు చెప్పువారికి దీనికంటె మంచి యుత్తరము లేదు.

ఈ జన్యువునకు సంబంధించిన మఱియొక పరీక్ష మన యిండ్లకు మఱింత సమీపమున నున్నది. గర్భస్థశిశువు యొక్క డి.ఎన్.ఏ. తునకలు తల్లి రక్తమునందు తిరుగుచుండునని 1997లో డెన్నిస్ లో మొదలైనవారు కనుగొనిరి. ఆ రక్తమున ఎస్.ఆర్.వై. కనబడినచో బిడ్డ మగవాడని యూహింపవచ్చును. మగబిడ్డలనే బాధించు రక్తస్రావవ్యాధివంటి పుట్టువ్యాధులు గల కుటుంబములకు ముందుగా జాగ్రత్తపడుటకై విదేశములయం దీ పరీక్ష నుపయోగించుచున్నారు. మన దేశమున 1994లో చేయబడి 1996లో అమలునకు వచ్చి, 2003లో మఱింత బిగింపబడిన చట్టము గర్భస్థశిశువు ఆడుదో మగదో తెలుపుటను నిషేధించుచున్నది. ఏల నిషేధింపవలసి వచ్చెనో జనాభా లెక్కలు చెప్పును. ఆఱేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 1991లో 945, 2001లో 927, 2011లో 920 కంటెను తక్కువ. సహజముగనే నూఱుమంది యాడుబిడ్డలకు సుమారు 105 మంది మగబిడ్డలు పుట్టుదురన్నది నిజమే. కాని యేటికేడు తఱుగుచుండుట ప్రకృతి పని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందును 2001లో 961గా నున్న సంఖ్య 2011 నాటికి 945 కంటె తగ్గినది. కషాయములు త్రాగించిన కాలమున నాడుబిడ్డ పుట్టి మాట పడెడిది. యంత్రములు వచ్చిన కాలమున పుట్టుటకే నోచుకొనకున్నది. జ్ఞానము పెరిగినను బుద్ధి పెరుగనియెడల కలుగు ఫలమిది.

ముసలితనమున నాదుకొనువాడు, ఆస్తిని నిలుపువాడు కొడుకే గదా యని పెద్దలు కొందఱనుచుందురు. ఆస్తి మాటకు చట్టము మన ప్రాంతమున ముందుగనే యుత్తరము చెప్పినది. 1986లో చేసిన సవరణచేత, 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహము కాని హిందూ కుమార్తెలకు ఆంధ్రప్రదేశమున ఉమ్మడి యాస్తియందు కుమారులతో సమానమైన జన్మహక్కు కలిగినది. 2005లో దేశమంతటను అట్టి హక్కు వచ్చినది. ఇక నాదుకొనుట మాట. 204 ఆమ్లముల గొలుసులో దయకు గాని కృతజ్ఞతకు గాని యొక్క యామ్లమును లేదు. అవి పెంపకమున వచ్చునవి.

మా మేనత్త యీ సంగతులేమియు నెఱుగకయే గతించినది. ఎఱిగియున్నను ఆమె మాట నా యింట వినువారుండిరని మేము చెప్పజాలము. కాని నేడు బడి చదువు చదివిన ప్రతివారును ఎక్స్, వై లను గూర్చి యొక పుటయైనను చదివియే యుందురు. ఆ పుట పరీక్షకాగితమునందు మాత్రమే యుండి, ప్రసూతిగది వాకిట మఱచిపోబడుచున్నది. దాని నచటికి తీసికొనిపోవలసినవారు వైద్యులు కారు; ఆ వాకిట కూర్చుండు అత్తలు, మామలు, భర్తలు. కోడలికి మూడవసారియు ఆడుబిడ్డ కలిగినదని యెవరైన పెదవి విఱిచినప్పుడు, 'ఆమె యీయవలసిన దామె యిచ్చినది' యని యత్తగారొక్కమాట యన్నచో చాలును. శాస్త్రప్రకార మది నిజము; ఆ గదిలోని బాలింతకు నదియే పథ్యము.